నిశ్చల కాలంలో చరిత్ర: అమెరికన్ వెస్టర్న్, యుద్ధ ధారావాహికలను 'చారిత్రకం' అనడంపై అభ్యంతరం

పాత్రలు గతకాలపు దుస్తులు ధరించి, గతకాలపు ఆయుధాలు పట్టి, ఒకప్పుడు నిజంగా ఉన్న ఊరిలో సంచరించినంత మాత్రాన ఒక రచన చారిత్రకం అవుతుందా? నవల విషయంలో తెలుగు విమర్శ ఈ ప్రశ్నను ఏనాడో ఎదుర్కొంది. నోరి నరసింహశాస్త్రి, అడివి బాపిరాజు, విశ్వనాథ సత్యనారాయణ, తెన్నేటి సూరి ప్రభృతుల నవలలను చర్చించేటప్పుడు కేవలం గతకాలపు నేపథ్యాన్ని, చారిత్రక దృష్టిని వేరుచేసి చూడాలని మన విమర్శకులు అంగీకరించారు. టెలివిజన్ ధారావాహిక దగ్గరికి వచ్చేసరికి ఆ వివేకం సడలింది. నాటకం, నవల, చలనచిత్రం అన్న వరుసలో ధారావాహికను నాలుగవదిగా నిలబెట్టి, మొదటి మూడింటికి వాడిన కొలబద్దతోనే దీనినీ కొలుస్తున్నాం. కొలబద్ద ఎక్కడ సరిపోవడం లేదో చూడడం లేదు.

1950ల నడుమ నుండి 1970ల వరకు అమెరికన్ టెలివిజన్‌ను ఏలిన వెస్టర్న్ ధారావాహికలు, వాటికి తోబుట్టువులైన రెండవ ప్రపంచయుద్ధ ధారావాహికలు ఈ పొరపాటును బయటపెట్టడానికి అత్యంత అనువైన సామగ్రి. వాటికి స్పష్టమైన చారిత్రక కాలం ఉంది, నిజమైన భూగోళం ఉంది, సరిచూసుకోవడానికి సమృద్ధిగా ఆధారాలు ఉన్నాయి. అయినా వాటిని చారిత్రక నాటకాలు అనడం తప్పని ఈ వ్యాసం వాదిస్తుంది. వాటిలో వాస్తవదోషాలు ఉండడం ఇందుకు కారణం కాదు. చరిత్రకు ప్రాణమైన కాలగమనాన్నే వాటి నిర్మాణం నిరాకరించింది. దోషాలన్నీ సవరించినా ఆ నిరాకరణ అలాగే నిలుస్తుంది.

1. రెండు వాడుక పద్ధతులు

ఇటువంటి రచనలపై మన విశ్వవిద్యాలయాలలో రెండు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది తిరస్కార ధోరణి. గుర్రాలు, తుపాకులు, కాలక్షేపం. ఇందులో పరిశోధించడానికి ఏముందని ఇది అడుగుతుంది. ఈ ధోరణి మనకే ప్రత్యేకం కాదు. 1961 మే నెలలో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ అధ్యక్షుడు న్యూటన్ మినో ఆ దేశపు టెలివిజన్‌ను విశాలమైన బీడుభూమితో పోల్చినప్పుడు, ఆ బీడులో మొలిచిన కలుపులో వెస్టర్న్‌లనూ లెక్కవేశాడు. కాని ఇష్టం లేని వస్తువును చదవకుండా వదిలేస్తే దాని ప్రభావం తగ్గదు. 1958-59 ప్రసార సంవత్సరంలో అమెరికాలో అత్యధికంగా చూసిన మొదటి నాలుగు కార్యక్రమాలూ వెస్టర్న్‌లే: గన్‌స్మోక్, వాగన్ ట్రెయిన్, హావ్ గన్ విల్ ట్రావెల్, ద రైఫిల్‌మన్. ఒక జాతి తన పుట్టుకను గురించి వారం వారం ఇంట్లో కూర్చుని ఏమి విన్నదో తెలుసుకోవడం సాహిత్య పరిశోధకుడికి అల్పమైన పని ఎలా అవుతుంది?

రెండవది దోషపట్టిక ధోరణి. ఇది మొదటిదానికంటే గౌరవప్రదం, అందువల్లనే మరింత ప్రమాదకరం. పరిశోధకుడు పుటను రెండు నిలువు వరుసలుగా విభజిస్తాడు. ఎడమవైపు చరిత్రలో జరిగినది, కుడివైపు తెరపై చూపినది. రెంటికీ పొంతన కుదిరితే చారిత్రకత, కుదరకపోతే కల్పన. చివర శాతాలవంటి ఒక తీర్పు. మన చారిత్రక నవలా పరిశోధనల్లో "చారిత్రకాంశాలు - కల్పితాంశాలు" అన్న అధ్యాయం ఈ పద్ధతికి స్థిరనివాసం. దాన్ని ధారావాహికలకు అన్వయించడమంటే, దుస్తుల మాసికలను లెక్కపెట్టి దేహానికి ఆరోగ్యపత్రం ఇవ్వడమే.

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకుపోగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

2. డాడ్జ్ సిటీ లెక్క

గన్‌స్మోక్ 1952లో సి.బి.ఎస్. రేడియో నాటకంగా మొదలైంది. 1955లో టెలివిజన్‌కు వచ్చింది. అరగంట నిడివి 1961లో గంట అయింది, 1966లో రంగులు వచ్చాయి, 1975లో నిలిచిపోయింది. ఇరవై సీజన్లు, 635 ఎపిసోడ్లు. కథాస్థలం కాన్సాస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీ. నాయకుడు మార్షల్ మాట్ డిలన్. ఇరవై ఏళ్లూ ఆ పాత్రను జేమ్స్ ఆర్నెస్ ఒక్కడే పోషించాడు.

చరిత్రలోని డాడ్జ్ సిటీకి 1872లో రైలుమార్గం వచ్చింది. మొదట అది బైసన్ తోళ్ల అంగడి. వేటగాళ్లు ఆ మందలను తుడిచిపెట్టారు. 1874-75ల రెడ్ రివర్ యుద్ధంతో కయోవా, కమాంచీ, దక్షిణ షయెన్ జాతులను దక్షిణ మైదానాలనుండి రిజర్వేషన్లకు నెట్టివేశారు. ఆ తరువాతనే టెక్సాస్ పశువుల మందలు డాడ్జ్ సిటీకి రావడం మొదలైంది. 1885లో కాన్సాస్ శాసనసభ టెక్సాస్ పశువులను రోగభయంతో రాష్ట్రమంతటా నిషేధించడంతో ఆ వ్యాపారం ముగిసింది. అంటే, గన్‌స్మోక్ చూపిన డాడ్జ్ సిటీ భూమి మీద ఉన్నది సుమారు పదేళ్లు. తెరపై ఉన్నది ఇరవై ఏళ్లు.

దోషపట్టిక పరిశోధకుడికి ఇక్కడ పండుగే. చరిత్రకారుడు రాబర్ట్ డైక్‌స్ట్రా 1968లో ప్రచురించిన గ్రంథంలో కాన్సాస్‌లోని అయిదు పశువుల అంగడి పట్టణాలను పరిశీలించి, 1870-1885 మధ్య ఆ అయిదింటిలోనూ కలిపి 45 హత్యలను మాత్రమే లెక్కించాడు. గన్‌స్మోక్‌లో ఆ సంఖ్య దాటడానికి ఎన్నో సీజన్లు పట్టవు. కనుక ఎడమ వరుసకూ కుడి వరుసకూ పొంతన లేదు, కనుక ఇది అసత్యం. నిజమే. కాని ఈ తీర్పు అసలు విషయాన్ని తాకనే లేదు. హత్యల సంఖ్య పెరగడం రచయితల అజ్ఞానం వల్ల కాదు. వారానికొక సంఘర్షణ కావాలి, అది ఆ గంటలోపల ముగియాలి, మరుసటి వారానికి దాని శేషం మిగలకూడదు. ఈ మూడు నియమాలున్న రూపంలో చావు ఎక్కువ కావడం అనివార్యం. ఆ చావులకు పరిణామం లేకపోవడం అంతకంటే అనివార్యం.

ఈ రెండవ అంశాన్ని చూపే చిహ్నం ఆ ధారావాహికలోనే ఉంది. తొలి సీజన్ల ఎపిసోడ్లలో డిలన్ బూట్ హిల్ శ్మశానంలో నడుస్తూ తనలో తాను మాట్లాడుకుంటాడు. నిజమైన డాడ్జ్ సిటీలో ఆ గుట్ట శ్మశానంగా ఉన్నది కొద్ది సంవత్సరాలే. 1870ల చివరికల్లా దాన్ని మూసివేసి, అస్థికలను వేరొక శ్మశానానికి తరలించారు. తరువాత ఆ గుట్టమీద పాఠశాల వెలసింది. శ్మశానం బడిగా మారడం చరిత్ర. ఒక ఊరు తన హింసాయుగాన్ని దాటి, పిల్లలను కని, పన్నులు వేసి, గుమాస్తాలను నియమించి, తన గతాన్ని గురించి కొంత సిగ్గుపడిన క్రమం ఆ మార్పులో ఉంది. గన్‌స్మోక్‌లోని శ్మశానం ఎన్నటికీ బడి కాలేదు. దాన్ని చూపే అలవాటు మాని, ముందుకు సాగిపోయారంతే.

3. సంఖ్యలు చెప్పే సాక్ష్యం

ఇది ఒక్క ధారావాహిక లక్షణమైతే దీనిమీద సిద్ధాంతం కట్టనక్కరలేదు. యుద్ధ ధారావాహికలను చూస్తే ఇదే మరింత బట్టబయలుగా కనిపిస్తుంది.

కాంబాట్ ఎ.బి.సి.లో 1962 నుండి 1967 వరకు అయిదు సీజన్లు సాగింది, 152 ఎపిసోడ్లు. నార్మండీ తీరంలో దిగిన తరువాత ఫ్రాన్స్‌లో పోరాడే ఒక అమెరికన్ పదాతి దళం దాని వస్తువు. వాస్తవంలో 1944 జూన్ 6న మొదలైన ఆ దండయాత్ర 1945 మే 8న జర్మనీ లొంగుబాటుతో ముగిసింది. మొత్తం పదకొండు నెలలు. అంటే ఆ యుద్ధపు ఒక్కొక్క వారానికి మూడుకు పైగా కథలు! సార్జెంట్ సాండర్స్ దళం అయిదేళ్లు పోరాడినా బెర్లిన్ దగ్గరపడదు. చివరి ఎపిసోడ్‌లోనూ యుద్ధం ముగియదు. కొరియా యుద్ధం మూడేళ్లపాటు జరిగింది. దాన్ని నేపథ్యంగా తీసుకున్న మ్యాష్ 1972 నుండి 1983 వరకు పదకొండు సీజన్లు నడిచింది.

పుస్తకానికి కాలాన్ని సాగదీసే హక్కు ఉంది. ఒక్క రోజును వేయి పుటల్లో రాయవచ్చు. నేను అభ్యంతరపెట్టేది నిడివిని కాదు. సాగిన కాలంలో ఏదైనా పేరుకుంటున్నదా అన్నది ప్రశ్న. సాండర్స్ పదుల సందర్భాలలో గాయపడతాడు. ఆ గాయాలు కూడికకు రావు. కొత్త సైనికులు వచ్చి చనిపోతారు. వారి మరణాలు దళం జ్ఞాపకంలో బరువెక్కవు. వాగన్ ట్రెయిన్‌లో బండ్ల బిడారుకు నాయకుడైన మేజర్ ఆడమ్స్‌గా నటించిన వార్డ్ బాండ్ 1960 నవంబరులో మరణించాడు. బిడారుకు వేరొక నాయకుడు వచ్చాడు. ఆడమ్స్ ఏమయ్యాడో కథలో ఎవరూ చెప్పలేదు. నిజమైన మనిషి నిజమైన మరణం కూడా ఆ కాలంలోకి ప్రవేశించలేకపోయింది.

మిఖాయిల్ బఖ్తిన్ ప్రాచీన గ్రీకు సాహసకథల గురించి చెప్పినది ఇక్కడ స్మరణీయం. ఆ కథల్లో నాయికానాయకులు ఎన్ని ఆపదలు దాటినా వారి వయస్సు పెరగదు, మనస్సు మారదు. సాహసకాలం జీవితం మీద జాడ వదలదు. 1962లో ఉంబెర్టో ఎకో సూపర్‌మన్ చిత్రకథలను విశ్లేషిస్తూ, నాయకుడు చేసిన ఏ పనీ అతన్ని మరణానికి ఒక అడుగు దగ్గర చేయకుండా జాగ్రత్తపడే కథనాన్ని వివరించాడు. ఈ ఇద్దరి వివేచనకు నేను చేర్చదలచినది ఒక్కటే. గ్రీకు సాహసకథకు, సూపర్‌మన్‌కు చరిత్రపు పంచాంగంతో ఒప్పందం లేదు. అక్కడ నిశ్చల కాలం నిరపాయం. గన్‌స్మోక్‌కు, కాంబాట్‌కు ఆ ఒప్పందం ఉంది. అవి ఊరి పేరు, సంవత్సరం, తుపాకి రకం, దళం సంఖ్య చెప్పి ప్రేక్షకుని విశ్వాసాన్ని పుచ్చుకుంటాయి. పుచ్చుకున్న తరువాత, ఆ విశ్వాసానికి బదులుగా కదలని కాలాన్ని ఇస్తాయి. చరిత్ర పేరు మీద చరిత్రలేనితనాన్ని ఇవ్వడమే ఇక్కడి అన్యాయం.

4. రూపం వెనుక అంగడి

ఈ నిశ్చలత్వం ఏ ఒక్కరి తాత్త్విక నిర్ణయమూ కాదు. దాని మూలాలు వ్యాపారంలో ఉన్నాయి. ఫిల్ముపై తీసిన ధారావాహికను మొదటి ప్రసారం అయిన తరువాత స్థానిక కేంద్రాలకు పునఃప్రసారానికి అమ్ముతారు. ఆ కేంద్రం ఎపిసోడ్లను ఏ వరుసలో వేస్తుందో తెలియదు. ప్రేక్షకుడు ఏ వారం చూస్తాడో, ఏ వారం మానుతాడో తెలియదు. కనుక ప్రతి ఎపిసోడూ మొదలైన చోటికే తిరిగి రావాలి. ఒక సీజన్‌కు అనేకమంది రచయితలు వేర్వేరుగా రాస్తారు. ఒకరు నాయకుని కాలు తీసివేస్తే మరొకరి కథ నడవదు. ప్రకటనదారుకు కావలసింది వచ్చే వారం కూడా అదే కుర్చీలో కూర్చునే ప్రేక్షకుడు. బొనాంజా 1959లో తొలినుండే రంగుల్లో వచ్చిందంటే, ఎన్.బి.సి.కి యజమాని అయిన ఆర్.సి.ఏ. సంస్థ రంగుల టెలివిజన్లను తయారుచేసి అమ్ముతున్నదని గుర్తుంచుకోవాలి. నీలి సరస్సు, పచ్చని పైన్ చెట్లు కథకు ఎంత అవసరమో, పెట్టె అమ్మకానికీ అంతే అవసరం.

వరుస మార్చినా తేడా రాని కథ చరిత్ర కాజాలదు. చరిత్రకు కనీస నిర్వచనమే వరుస: దీని తరువాత అది, దీని వలన అది. ఈ సూత్రాన్ని పట్టుకుంటే దోషపట్టిక చేయలేని పని చేయవచ్చు.

బొనాంజానే తీసుకుందాం. నెవాడాలో టాహో సరస్సు ఒడ్డున కార్ట్‌రైట్ కుటుంబానికి దాదాపు వెయ్యి చదరపు మైళ్ల పండరోసా ఎస్టేటు ఉంది. తండ్రి బెన్, ముగ్గురు కొడుకులు. ముగ్గురూ ముగ్గురు తల్లుల బిడ్డలు. ఆ తల్లులు ముగ్గురూ కథ మొదలయ్యేనాటికే మరణించారు. అది వాషో, పయూట్ జాతుల భూమి. 1859లో కామ్‌స్టాక్ వెండి గనులు బయటపడి జనం వెల్లువెత్తిన మరుసటి సంవత్సరమే పిరమిడ్ లేక్ యుద్ధం జరిగింది. బొనాంజా ఆదివాసుల చరిత్రను దాచిందని దోషపట్టిక విమర్శకుడు అనవచ్చు. అతను తప్పు. మొదటి సీజన్‌లోనే ఆ యుద్ధం మీద, పయూట్ యుద్ధం అన్న పేరుతోనే, ఒక ఎపిసోడ్ ఉంది. దాచలేదు, చూపింది. కాని మరుసటి వారం పండరోసాలో ఆ యుద్ధపు బూడిద ఆనవాలు లేదు. భూమి ఎవరిది, ఎలా వచ్చింది అన్న ప్రశ్న ఒక గంటకు లేచి, ఆ గంటలోనే పడుకుంది. పధ్నాలుగు సీజన్ల పాటు ఎస్టేటు ఎస్టేటుగానే ఉంది.

చూపకపోవడం కంటే ఇలా చూపడం బలమైన మరపు. విస్మరించిన విషయాన్ని ఎవరైనా ఒకనాడు గుర్తుచేయవచ్చు. పరిణామం లేకుండా చూపిన విషయం మాత్రం తేలిపోయినట్లు, తీరిపోయినట్లు మనస్సులో స్థిరపడుతుంది. ఆక్రమణ అంతా మొదటి ఎపిసోడ్‌కు ముందే పూర్తయింది. కథాకాలం మొదలయ్యేసరికి భూమి కార్ట్‌రైట్‌లది, ఊరు డిలన్‌ది. ఆపైన వచ్చే ప్రతి హింసా బయటినుండి వచ్చినదే, నాయకుడు కాల్చే ప్రతి తూటా ఆత్మరక్షణే. ప్రారంభస్థితికి మళ్లీ మళ్లీ చేరుకునే కథనం ఆ స్థితిని న్యాయంగా, ప్రకృతిసిద్ధంగా కనిపించేలా చేస్తుంది. దీన్ని భావజాల దోషమని కేకవేయడం సులువు. అది ఏ కీలు మీద తిరుగుతున్నదో చూపడం పరిశోధన.

5. మూడు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: పునరావృత్తి దోషమైతే మన వీరగాథలు ఏమవుతాయి? కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది. వీరవిద్యావంతులు అదే కథను తరతరాలుగా పాడుతున్నారు. ఇది బలమైన ఆక్షేపణ, దీనికి సమాధానం వాదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. పల్నాటి కథను ఎన్నిసార్లు చెప్పినా కోడిపోరులో ఓటమి వల్ల వనవాసం, రాయబారం విఫలం కావడం వల్ల యుద్ధం, యుద్ధం వల్ల సర్వనాశనం. బాలచంద్రుడు ప్రతి ఏడూ మరణిస్తాడు. రాచగావుతో మొదలైన ఉత్సవం కల్లిపాడుతో ముగుస్తుంది. ఆ రోజులను తారుమారు చేసే హక్కు ఎవరికీ లేదు. బొబ్బిలి కథ కూడా అంతే. 1757 జనవరిలో కోట కూలుతుందని శ్రోతలందరికీ తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ కూలడాన్ని వింటారు. అక్కడ కథనం పునరావృతం, కథ మాత్రం మరల్చరానిది. వెస్టర్న్ ధారావాహికలో కథనం ప్రతివారం కొత్తది, స్థితి మాత్రం పాతదే. వీరగాథ మరణాన్ని మళ్లీ మళ్లీ జ్ఞాపకం చేస్తుంది. ధారావాహిక మరణాన్ని వారం వారం రద్దుచేస్తుంది. రెండింటినీ జానపద పునరావృత్తి అన్న ఒకే గంపలో వేసే తులనాత్మక వ్యాసాలకు ఇది నా ప్రధానమైన అభ్యంతరం.

రెండవ ఆక్షేపణ: ఈ ధారావాహికల్లో మరణాలు, మార్పులు లేవా? ఉన్నాయి. ట్వెల్వ్ ఓక్లాక్ హై రెండవ సీజన్ ఆరంభంలోనే, 1965లో, నాయకుడు జనరల్ సావేజ్ హతుడవుతాడు. కాని అతని మరణం కథ పండి రాలినది కాదు. నటుణ్ణి మార్చాలన్న నిర్మాణ నిర్ణయం. మ్యాష్‌లో 1975లో కల్నల్ బ్లేక్ మరణవార్త వచ్చిన ఎపిసోడ్, 1983 ఫిబ్రవరిలో యుద్ధాన్ని నిజంగానే ముగించిన చివరి ఎపిసోడ్ ఇందుకు గౌరవనీయమైన అపవాదాలు. అవి నా వాదాన్ని ఖండించవు, సరిహద్దును చూపుతాయి. నిశ్చల కాలం ఈ మాధ్యమానికి విధిలిఖితం కాదు, ఎంపిక. కొందరు వేరుగా ఎంచుకోగలిగారంటే, మిగిలినవారి ఎంపికను ప్రశ్నించే అధికారం మనకు ఉంటుంది. గన్‌స్మోక్ 1975లో ఒక ముగింపు కూడా లేకుండా, మరొక మామూలు వారం కథతో ఆగిపోయింది. ముగింపు లేని చోట ఆది కూడా అర్థాన్ని కోల్పోతుంది.

మూడవ ఆక్షేపణ న్యాయమైనది: మీ కొలబద్దతో ఈ ధారావాహికల కళ కొట్టుకుపోతున్నదే! అలా జరగకూడదు. వాటి కళ ఎక్కడ ఉన్నదో కూడా ఈ కొలబద్దే చూపుతుంది. స్థిరపాత్రలకు కాలం లేదు కనుక, కాలాన్ని మోసే భారం అతిథిపాత్రల మీద పడింది. ఒక్క వారం కోసం వచ్చే వలస రైతు, పారిపోయిన సైనికుడు, వృద్ధుడైన వేటగాడు, వీరే ఆశపడతారు, దిగజారుతారు, మారతారు, మరణిస్తారు. కాంబాట్ తొలి సీజన్‌లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దర్శకత్వం వహించిన ఎపిసోడ్ల బలం కొంత ఇందులోనే ఉంది: దళంలోకి కొత్తగా వచ్చిన మనిషి ముఖంలో యుద్ధం కనిపిస్తుంది, పాతవారి ముఖాల్లో అలవాటు కనిపిస్తుంది. అతిథికి చరిత్ర, నాయకునికి శాశ్వతత్వం. ఈ శ్రమవిభజనను గుర్తించకుండా నాయకపాత్ర చిత్రణ మీద అధ్యాయాలు రాసే పరిశోధకుడు చదవవలసిన పాత్రను వదిలి, బొమ్మను చదువుతున్నాడు.

6. తెలుగు పరిశోధకుడికి ఇందులో పనేమిటి?

వెస్టర్న్ మనకు చలనచిత్రం ద్వారానే పరిచయం. 1971లో ఆరుద్ర రచనతో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, కృష్ణ నాయకుడుగా వచ్చిన మోసగాళ్లకు మోసగాడు ఆ పరిచయానికి ప్రసిద్ధ సాక్ష్యం. ఈ ధారావాహికలు అమెరికాలో ఉచ్ఛస్థితిలో ఉన్న రోజుల్లో తెలుగునాట టెలివిజన్ లేదు. హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది 1977లో. అందువల్ల వెస్టర్న్ అనగానే మనకు తోచేది సినిమా. సినిమా ముగుస్తుంది: నాయకుడు మరణిస్తాడు, లేదా ఊరు విడిచి వెళ్లిపోతాడు, లేదా నిధి దొరుకుతుంది. ఆ ముగింపు వల్లనే గొప్ప వెస్టర్న్ చిత్రాలు ఒక యుగం అస్తమించడాన్ని చెప్పగలిగాయి. సినిమా గురించి తయారైన ఆ విమర్శ పరిభాషను ముగింపులేని ధారావాహికకు అంటగట్టడం వల్లనే గందరగోళం మొదలయింది. రెండూ ఒకే టోపీ పెట్టుకున్నాయి. లోపల తలలు వేరు.

ఈ గందరగోళం దూరదేశపు పాత ధారావాహికలతో ఆగితే నష్టం స్వల్పం. కాని నేడు మన విద్యార్థులు పరిశోధనాంశాలుగా ఎంచుకుంటున్న వాటిలో రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు నేపథ్యంగా ఉన్న తెర ధారావాహికలు పెరుగుతున్నాయి. ఏ భాషవైనా, ఏ మాధ్యమంలోవైనా, వాటికి మనం చేతికిస్తున్న పరికరం ఇప్పటికీ రెండు వరుసల పట్టికే. కోట సరిగా ఉన్నదా, కిరీటం ఆ కాలపుదేనా, శాసనంలోని పేరు తెరపై అదే ఉన్నదా అని వెదికి, "చారిత్రకత పుష్కలం" అని ముగిస్తున్నాం. ఇలా శిక్షణ పొందిన కన్ను అచ్చమైన కిరీటంతో చెప్పిన అబద్ధాన్ని పట్టుకోలేదు. అది సత్యమని ముద్రవేసి పంపుతుంది. ఆ ముద్ర మీద విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది.

కనుక ఒక గతకాల ధారావాహికను చారిత్రకం అనేముందు మూడు పరీక్షలు పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, క్రమపరీక్ష: ఎపిసోడ్ల వరుస మార్చితే అర్థం చెడుతున్నదా? చెడకపోతే అక్కడ కార్యకారణ సంబంధం లేదు. రెండు, శేషపరీక్ష: ఒక ఎపిసోడ్‌లో పోయిన ప్రాణం, భూమి, మాట తరువాతి ఎపిసోడ్లలో ఎవరినైనా బాధిస్తున్నదా? మూడు, ఆదిపరీక్ష: కథ మొదలయ్యేనాటికి ఉన్న స్థితి ఎలా ఏర్పడిందో ఆ రచన తనను తాను అడుగుతున్నదా, లేక దాన్ని వాతావరణంలా స్వీకరిస్తున్నదా? ఈ మూడింటిలోనూ నెగ్గని రచనను గతకాల నేపథ్య ధారావాహిక అందాం. అది నింద కాదు, వర్గీకరణ. అలాంటివాటిలోనూ గొప్ప ఎపిసోడ్లు ఉంటాయి, ఉన్నాయి. వాస్తవదోషాల చిట్టాను అనుబంధంలో పెట్టుకోవచ్చు. దాన్ని సిద్ధాంతం స్థానంలో కూర్చోబెట్టవద్దు.

గ్యార్గీ లూకాచ్ చారిత్రక నవలను వివేచిస్తూ, గతాన్ని వర్తమానానికి పూర్వరూపంగా అనుభవింపజేయడమే దాని ధర్మమని గుర్తించాడు. డాడ్జ్ సిటీ నిన్నటి ఊరని, నేటి ఊరుగా మారిందని, ఆ మారడానికి ఎవరెవరో మూల్యం చెల్లించారని ప్రేక్షకుడికి తెలియకపోతే అతనికి చరిత్ర తెలియదు. ఎన్ని తుపాకుల పేర్లు కంఠస్థమైనా అంతే. ఆ తెలియనితనాన్ని ఇరవై ఏళ్లు పోషించిన రూపానికి "చారిత్రక" విశేషణాన్ని ఉదారంగా ఇచ్చిన విమర్శకుడు, ఇచ్చేముందు ఆ గుట్టమీద శ్మశానం తరువాత ఏముందో ఒకసారి అడిగి ఉండవలసింది.